రెండో బ్రేకు

...అంటే, ఆ పోస్టరు అచ్చువేసినవాడు అంత బుద్ధిమంతుడు కాకపోయి ఉంటే, ‘శిక్ష’ అన్న మాట చూసి పాపం అక్షరమొకటి రాలిపోయిందనుకుని పక్కన ఒక ‘ణ’ తగిలించకపోయి ఉంటే, తను ఇవాళ ఈ కారులో, ఈ స్టీరింగు వెనక, చెమట పట్టిన అరచేతులతో కూర్చుని ఉండేవాడే కాదు.

డ్రైవింగ్ పరీక్ష పాసై పది నిమిషాలైంది. పరీక్షలో కొట్టుకోని గుండె ఇప్పుడు కొట్టుకుంటోంది. కాగితాలు తీసుకురావడానికి, డ్రైవింగ్ నేర్పిన ఆమె ఆఫీసులోకి వెళ్లింది. తిరిగొస్తుంది, కాగితాలు చేతిలో పెడుతుంది, వెళ్లిపోతుంది. ఇక ఈ సీట్లో ఇంకెవరో కూర్చుని క్లచ్చుతో కుస్తీ పడతారు.

చెప్పాలి. ఈ పది నిమిషాల్లో ఆ ఒక్క మాటనీ లోపల పదిహేడు రకాలుగా చెప్పి చూసుకున్నాడు. పదిహేడూ బాగాలేవు.

శిక్ష మనిషి ప్రవర్తనని ఎలా మారుస్తుందన్నది అతని పరిశోధన. చిన్న గది, తెర, నాలుగు రంగుల బటన్లు, చెవులకు హెడ్‌ఫోన్లు. తెర మీద బొమ్మకి తగిన రంగు నొక్కాలి. తప్పు నొక్కితే చెవిలో బజర్ మోగుతుంది, గింజ ఇరుక్కున్న మిక్సీలాగా. చివరి పది నిమిషాలు బజర్ ఉండదు. ఆ సంగతి ముందే చెప్పేస్తారు.

ఆర్నెల్ల కిందట పోస్టరు చూసి ఆమె ఆ గదిలోకి వచ్చి, రెండు బజర్ల దాకా ఓపిక పట్టింది. మూడోదానికి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“ఏవండీ, ఇది శిక్షణా, శిక్షా?”

“శిక్షేనండి.”

“బయట ‘శిక్షణపై పరిశోధన’ అని రాసి ఉందే. నేను డ్రైవింగ్ నేర్పుతాను. నాకు పనికొస్తుంది కదా అని క్లాసు మానుకుని మరీ వచ్చాను.”

“అది అచ్చుతప్పు. అంటే, తప్పు కాదు... తప్పనుకుని దిద్దబోయి...”

“మీరు శిక్ష అని రాస్తే ఆయన శిక్షణ చేశాడా? మీకన్నా ఆయనే నయం. ఇక్కడ పనిలో పెట్టుకోండి.”

అతనికి పౌరుషం వచ్చింది. తెర తన వైపు తిప్పుకుని, రెండేళ్ల శ్రమని గీతగా చూపించాడు.

“ఇలా చూడండి. మొదట్లో అందరూ ఎన్ని తప్పులు చేశారో, బజర్ మోగిన కొద్దీ ఎలా తగ్గాయో. చివర్లో దాదాపు సున్నా.”

ఆమె చూసింది. “తప్పులు సున్నా. బాగుంది. ఒప్పులెన్ని?”

“ఏమిటి?”

“ఒప్పులండీ. మా దగ్గరా ఒకరు ఒక్క తప్పు కూడా చేయలేదు. ఎందుకంటే ఆయన కారెక్కితే ఒట్టు.”

ఆమె వెళ్లిపోయాక అతను ఆ లెక్కలు తెరిచాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరి పది నిమిషాల్లో, బజర్ లేదని చెప్పినా, చాలామంది అసలు ఏమీ నొక్కలేదు. వాళ్లు మానింది తప్పు చేయడం కాదు. నొక్కడం. రెండేళ్లుగా రోజూ చూస్తున్న గీతలోంచి ఒక ముఖం ఒక్కసారిగా కళ్లెత్తి తనవైపు చూసినట్టయింది.

ఆ ముఖం తనదే. నాన్న ఏనాడూ చేయి చేసుకోలేదు. కొడుకు ఏదైనా తప్పు మాటంటే మూడు రోజులు మాట్లాడేవాడు కాదు, అంతే. కొన్నాళ్లకి కొడుకే మాట్లాడటం తగ్గించుకున్నాడు. ఇంటికొచ్చినవాళ్లు “ఎంత బుద్ధిమంతుడో” అనేవారు.

మరుసటి వారం అతను డ్రైవింగ్ స్కూల్లో చేరాడు.

“బజర్ గారా? ఇలా వచ్చారేం?” అందామె.

“నేర్చుకుందామని.”

“మా దగ్గర హెడ్‌ఫోన్లు ఉండవు మరి.” పక్క సీట్లో కూర్చుని తన కాళ్ల దగ్గర చూపించింది. అక్కడా ఒక బ్రేకు ఉంది. “మీరు పొరబడితే నేను ఇది నొక్కుతాను. అరవను, తిట్టను. కారు ఆగుతుంది, మళ్లీ మొదలెడతాం. మీ పోస్టర్లో మీరు రాయని ణ ఉందే, అది ఇదేనండి.”

మొదటి నెలంతా అతను సారీలు చెప్పాడు. ఆగిపోయిన ఇంజనుకి చెప్పాడు, ఎండలో పొరపాటున ఊగిన వైపరుకి చెప్పాడు. ఆమె దిగేముందు లెక్క చెప్పేది.

“ఇవాళ పంతొమ్మిది. నిన్నటికన్నా నాలుగు తక్కువ. అందులో నాకు చెప్పినవి ఆరే. మిగతావన్నీ కారుకి.”

అన్నీ వచ్చాయి గానీ హారన్ మాత్రం రాలేదు.

“మలుపు వస్తోంది, కొట్టండి.”

“అటువైపు వాళ్లు ఏమైనా అనుకుంటారేమో.”

“హారన్ అంటే తిట్టు కాదండీ బాబూ. నేనిక్కడున్నానని చెప్పడం.”

అని ఆమే చేయి చాచి నొక్కేది. ఆ చేయి అతని చేతుల మీదుగా స్టీరింగు మధ్యకి వచ్చి వెళ్లేది. నిజం ఒప్పుకోవాలంటే, ఆ తరవాత అతను హారన్ నేర్చుకోకపోవడానికి భయమొక్కటే కారణం కాదు.

ఒక సాయంత్రం వానలో, నాలుగు రోడ్లు కలిసేచోట కారు ఆగిపోయింది. వెనక బళ్లన్నీ గోలపెట్టాయి. ఆమె ఒక్క మాటా అనలేదు. ‘ఊఁ, మళ్లీ’ అనలేదు. దిగేటప్పుడు లెక్క కూడా చెప్పలేదు. అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. ఈ మౌనం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. వారం రోజులు క్లాసుకి వెళ్లలేదు.

ఎనిమిదో రోజు ఆమె నాన్న ఫోన్ చేశాడు. స్కూలు ఆయనదే.

“ఏం బాబూ, మానేశావా? నలభై రోజుల కోర్సు నువ్వు నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నావు. ఇంత నిదానంగా నేర్చుకున్నవాణ్ని నేను చూడలేదు. మా అమ్మాయి ఇంత నిదానంగా నేర్పడమూ చూడలేదనుకో.”

“మేడమ్‌కి కోపం వచ్చిందేమోనని...”

“కోపమా? ఆ రోజు పొద్దున పన్ను పీకించుకుంది.”

పరుగు పరుగున వెళ్లాడు. ఆమె ఒక బుగ్గ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

“నోట్లో దూది పెట్టుకుని మీ సారీలు ఎలా లెక్కపెట్టమంటారు? మనసుల గురించి చదివారు కదా, బుగ్గ వాచిందని కనపడలేదా?”

“అలిగి మూతి ముడుచుకున్నారనుకున్నాను.”

“నవ్వించకండి, కుట్లు ఊడతాయి.” నవ్వు ఆపుకున్నాక నెమ్మదిగా అంది. “నేను మాట్లాడకపోతే ఎందుకని అడగచ్చు కదా. అడిగితే ఏం మోగుతుంది?”

ఇవాళ కారులో కూర్చుని ఆ ప్రశ్ననే తిరగేస్తున్నాడు.

ఆఫీసు తలుపు తెరుచుకుంది. ఆమె వచ్చి కిటికీలోంచి కాగితాలు అందించింది.

“పాసయ్యారు, సంబరం లేదేం? దిగండి మరి. తరవాతి క్లాసావిడ ఆ గోడ మలుపు అవతల ఎదురుచూస్తోంది, పిలుచుకొస్తాను.”

“ఒక్క మాట.”

“ఊఁ?”

పదిహేడింటిలో ఒక్కటీ రాలేదు. వచ్చింది వేరే. “ఈ నెలలో మీ బ్రేకు ఎన్నిసార్లు నొక్కారు?”

“నొక్కలేదు.”

“ఒక్కసారి కూడా?”

“కాళ్లు సీటు మీదికి మడుచుకుని హాయిగా కూర్చుంటున్నాను. మీరు రోడ్డు తప్ప ఇంకేమైనా చూస్తేగా.”

ఆమె నిలబడింది. అవసరం ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువసేపే నిలబడింది. అతని నాలుక బటన్ల ముందు ఆగిపోయిన ఆ వేళ్లలాగా ఆగిపోయింది.

“సరే మరి. జాగ్రత్తగా నడపండి,” అని వెనుదిరిగింది.

‘సారీ’ గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. పది అడుగులు. ఇరవై. బజర్ లేదు. లేదని ఆమె చెప్పింది కూడా, ఒకసారి కాదు, ఆర్నెల్లుగా రోజూ పక్కన కూర్చుని చెబుతూనే ఉంది. గోడ దగ్గర ఆమె నడక ఎందుకో నెమ్మదించింది. ఇంకొక్క అడుగు వేస్తే మలుపు.

మలుపు.

అతను కుడి అరచేతిని చొక్కాకి తుడుచుకుని, స్టీరింగు మధ్యన పెట్టి, గట్టిగా నొక్కి, ఆమె వెనక్కి తిరిగేదాకా తీయలేదు.