నాయిన ఫోను కలిపిన రోజు

ఆ బుధవారం పొద్దున తల్లి కనకాంబరాల దండ పట్టుకుని వెంటపడినప్పుడే మహేశ్వరికి అనుమానం రావాల్సింది. పొద్దున పూట మాసమ్మకు పూల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? ఆరున్నరకల్లా అశోక్‌నగర్‌లోని కోచింగ్ పిల్లల హాస్టల్‌కు పోయి రెండు వందల చపాతీలు ఒత్తాలి. అలాంటి మనిషి చిక్కడపల్లి మార్కెట్‌కు పోయి పూలు తెచ్చింది. ఎనిమిది దాటినా ఇంకా ఇంట్లోనే ఉంది.

"ఏందమ్మా ఇయ్యాల? షోరూంకు పూలు పెట్టుకొని పోతె నవ్వుతరు."

"నవ్వితె పండ్లు గనవడ్తయి. నీదేం పోయింది? తల తిప్పు."

తల తిప్పక తప్పలేదు. మాసమ్మ పట్టు పడితే బస్తీలో నల్లా దగ్గరి ఆడవాళ్లే దారి వదులుతారు, కన్నకూతురు ఎంత!

గడప మీద చాయ్ తాగుతున్న తండ్రి ఈదయ్య గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ల కింద మహబూబ్‌నగర్ పల్లె నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చి, తాపీ మేస్త్రి అయి, ఈ నగరంలో ఎన్ని గోడలు లేపాడో లెక్క లేదు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి నెలలో సగం రోజులు ఈ గడప మీదే గడుస్తున్నాయి.

"ఇయ్యాల ఏ కారు తోలుతవ్ బిడ్డా?" అని అడిగాడు.

మహేశ్వరి చెప్పు తొడుక్కుంటూ ఆగిపోయింది. నారాయణగూడ కార్ల షోరూంలో, కొనేవాళ్లకు కారు నడిపి చూపే పనిలో చేరి మూడేళ్లు. ఈ మూడేళ్లలో తండ్రి జీతం పడిందా అని అడిగాడు, పొద్దుపోయింది ఎందుకని అడిగాడు. ఏ కారని మాత్రం ఎన్నడూ అడగలేదు.

"కొత్తది నాయినా! నాలుగు దినాలే అయింది అచ్చి. కరెంటుతోని నడుస్తది, సప్పుడే రాదు. నల్లగ మెరుస్తుంటది."

"ఎన్నింటికి తోలుతవ్?"

"పదకొండింటికి ఒకాయన బుక్ చేసిండు."

ఈదయ్య తల ఊపి మళ్లీ గ్లాసు అందుకున్నాడు. పిచ్చిపిల్ల, దానికే పొంగిపోయింది. నాయినకు ఇన్నాళ్లకు నా పని మీద మనసైంది అనుకుంటూ నారాయణగూడ దాకా నడిచింది. దారిలో ఆ పూలను రెండుసార్లు చేత్తో సర్దుకుంది కూడా.

షోరూం ముందున్న ఎత్తు ర్యాంపు ఈదయ్య చేతి పనే. పన్నెండేళ్ల కింద కట్టాడు. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, షోరూంలో ఎవరికీ తెలియదు. కొత్త కారు డెలివరీ తీసుకున్నవాళ్లు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి ఆ ర్యాంపు మీదుగా రోడ్డెక్కుతుంటే మహేశ్వరికి రోజూ ఒక నిమిషం గర్వంగా ఉండేది.

పదకొండుకు ఇద్దరొచ్చారు. ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకున్న యాభై ఏళ్ల పెద్దమనిషి ఒకడు, ఆయన వెనకే తల దించుకుని పాతికేళ్ల అబ్బాయి.

"డ్రైవర్ ఏడీ?" అన్నాడు పెద్దాయన అటూ ఇటూ చూస్తూ.

"నేనే సార్. ముందు నేను నడిపి అన్నీ చెప్తాను. ఇందిరా పార్క్ దాటాక మీరు నడపొచ్చు. లైసెన్స్ ఎవరిది సార్?"

అబ్బాయి లైసెన్సు తీసిచ్చాడు. ఎల్లేష్, కవాడిగూడ. వారం కింద ఇంట్లో ఏదో సంబంధం మాట వచ్చింది. కానీ "పని మానుమన్నోళ్లయితె నాకు ఫోటో గూడ చూపియ్యకుండ్రి" అని మహేశ్వరి అప్పుడే తేల్చేసింది. అందుకని పేరూ తెలియదు, ముఖమూ తెలియదు. కాయితం నింపి సంతకం పెట్టించి కారు తీసింది.

పెద్దాయన వెనక సీట్లో దర్జాగా కూర్చున్నాడు. అబ్బాయి ముందు కూర్చున్నాడు. తెర మీద ఒక్కొక్కటీ చూపిస్తూ, "ఫోన్ కలిపితే పాటలు, కాల్స్ అన్నీ ఇందులోనే వస్తాయి సార్" అంది.

"నాది కలుపు బిడ్డా. నా ఫోన్ల పాటలు మస్తున్నయి" అంటూ ఆయన ఫోను ముందుకు చాచాడు. కలిపి తిరిగి ఇచ్చింది.

చిక్కడపల్లి దాటకముందే పెద్దాయన ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"దినాం గిట్ల మగోళ్లను ఎక్కించుకొని తిరుగుతవా?"

"కారు చూసేటోళ్లందర్నీ ఎక్కించుకుంట సార్. ఆడవాళ్లు కూడా చాలామంది వస్తున్నారు."

"పొద్దుమూకినంక?"

"ఆరు తర్వాత టెస్ట్ డ్రైవ్ ఉండదు సార్."

"ఇంట్ల వంట ఎవరు చేస్తరు?"

మహేశ్వరి అద్దంలో ఒకసారి ఆయన వైపు చూసింది. ఇంతసేపూ ఒక్కసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుందని కూడా అడగని కొనుగోలుదారును ఆమె ఇదే చూడటం. అయినా కస్టమర్ కస్టమరే. "డిక్కీ చాలా పెద్దది సార్" అంది నవ్వుతూ.

ఇందిరా పార్క్ దగ్గర సిగ్నల్ పడింది. అప్పుడే కారంతా మోగింది. తెర మీద పెద్ద అక్షరాలతో పేరు వచ్చింది: ఈదయ్య మేస్త్రి.

పెద్దాయన కంగారుగా ఫోను నొక్కాడు. ఆపబోయి ఎత్తాడు పాపం. ఆ గొంతు కారులోని ఆరు స్పీకర్లలోంచీ వచ్చింది.

"ఏం తిమ్మన్నా, చూసిండ్రా పిల్లను? నల్ల కారే గద? జర ఆమెకు తెల్వనియ్యకుండ్రి, తెలిస్తె లొల్లి జేస్తది. పని గురించి రంది వెట్టుకోకుండ్రి. మీకు నచ్చితె నేనే మానిపిస్త."

 పొద్దున చాయ్ గ్లాసు, "ఏ కారు తోలుతవ్ బిడ్డా", జడలో పూలు, అన్నీ ఒక్కసారిగా మహేశ్వరికి అర్థమయ్యాయి.  

"నాయినా" అంది.



"నేను మహేశ్వరిని. కారు నల్లదే. పిల్లను చూస్తున్నరు. ఇంకేమన్న చెప్పాల్నా?"

ఫోను కట్ అయింది.

సిగ్నల్ పచ్చబడింది. మహేశ్వరి ఒక్క కుదుపు లేకుండా కారును ముందుకు పోనిచ్చి, లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డులో ఒక పక్కగా ఆపింది.  

"తప్పు పట్టకు బిడ్డా" అన్నాడు వెనక సీట్లోంచి తిమ్మయ్య. "నేను పిలగాని మేనమామను. ఇంటికచ్చి చూస్తె ఏ పిల్లయినా తల వంచుకొనే కూసుంటది. పనికాడ చూస్తె అసలు సంగతి తెలుస్తది."

"ఏం తెలిసింది?"

"పిల్ల మంచిదే. మాటల మర్యాద ఉంది. పెండ్లయినంక గీ పని ఎట్లాగూ ఉండదాయె."

మహేశ్వరి ఎల్లేష్ వైపు తిరిగింది. "నువ్వేమంటవ్?"

అతను తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. "మామ ఎట్లంటె గట్ల."

"లైసెన్సు నీ పేరు మీదున్నది. బండి మీ మామ తోలుతడా?"

 ఎల్లేష్ ముఖం ఎర్రబడింది. వాడిని చూస్తే మహేశ్వరికి కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది.

"సరే. మీరు కారు కొనేటోళ్లు గాదు. నాకు పన్నెండింటికి ఇంకో డ్రైవ్ ఉన్నది. షోరూం దాంక దింపమంటె దింపుత, ఈడ్నే దిగుతమంటె దిగుండ్రి."

వాళ్లు అక్కడే దిగారు. ఆమె పన్నెండింటి డ్రైవ్ కూడా చేసింది, రెండింటిదీ చేసింది. మేనేజర్ నాగశ్రీ, "ఏంటి మహేశ్వరీ, కళ్లు అలా ఉన్నాయి, ఇంటికి వెళ్తావా?" అంటే, "ఏసీ గాలి మేడమ్" అని అబద్ధం చెప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లీదండ్రీ ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. మహేశ్వరి జడలోంచి పూలు తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఇగో నీ పూలు. కస్టమర్లకు నచ్చినయట."

"గట్ల మాట్లాడకే" అంది మాసమ్మ. "మేమేం పగోళ్లమా? పిలగాడు తాగడు, తిరగడు. నీ ఈడు పిల్లలకు ఇద్దరు పిల్లలున్నరు. నువ్వేమో కారు, కారు అంటవ్. బస్తీల నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు."

"ఏమంటున్నరు?"

"మగోళ్లతోని కార్ల తిరుగుతదని."

"నువ్వేమన్నవ్ వాళ్లను?"

మాసమ్మ పూలను కొంగులో మూట కట్టసాగింది. నల్లా దగ్గర బిందె కోసం అంత లొల్లి చేసే మనిషి, కూతురి కోసం ఒక్క మాట అనలేదని మహేశ్వరికి అప్పుడే తెలిసింది.

"దాన్నేం అడుగుతవ్, నన్నడుగు" అన్నాడు ఈదయ్య. "నేనే రమ్మన్న వాళ్లను. ఏం తప్పు జేసిన? మంచి సంబంధం పోతదని భయమైంది."

"నాయినా, మూడేండ్లాయె నేను చేరి. మొదటి కారు అమ్మిన నాడు స్వీట్లు తెచ్చిన, నువ్వు తిన్నవ్. షీల్డు తెచ్చిన, అమ్మ దాన్ని బియ్యం డబ్బ మీద పెట్టింది. ఒక్కసారి రా నాయినా, నా పని చూద్దువు అని ఎన్నిసార్లు పిలిచిన? రాలె. నువ్వు ఒక్కసారి గూడ చూడని పనిని ఎవరో తిమ్మయ్యను చూసి చెప్పుమన్నవ్. ఆయన మంచిదంటె మంచిది, చెడ్డదంటె చెడ్డది. నీ బిడ్డ ఎట్లాంటిదో నీకు తెల్వదా?"

"తెలుసు..."

"తెలిస్తె ఎందుకు పంపినవ్? పొద్దుగాల ఏ కారని అడిగితె ఎంత సంబురపడ్డనో తెలుసా? నడుచుకుంట పోతున్నంత సేపు అదే మతిల మెదిలింది."

ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, "పెండ్లి చేసుకోనని అంటలె. నా పనిని దొంగతనమోలె దాచిపెట్టి చేసుకోనంటున్న. రేపు పదకొండింటికి మీ ఇద్దరి పేరు మీద బుక్ చేస్తున్న. అస్తె రాండ్రి. రాకుంటె నా పెండ్లి మాట మల్ల ఎత్తకుండ్రి" అంది.

 ఈదయ్య మెల్లగా నోరు విప్పాడు.

"గా ర్యాంపు కట్టినంక, సాపు చూసే నా రసమట్టం లోపల్నే మర్చిపోయిన. మర్నాడు పోతె అద్దాలు బిగిచ్చిండ్రు. తలుపు కాడ ఉన్నోడు నా కాళ్ల దిక్కు చూసి లోపలికి రానీయలె. గచ్చు ఖరాబైతదట. గా గచ్చు ఏసిందే నేను బిడ్డా. గప్పటిసంది నాకు గా అద్దాలంటేనే భయం. లోపల నిన్నెట్ల చూస్తరో అని."

మహేశ్వరి కళ్లు తుడుచుకుంది. కరిగిపోయింది నిజమే, కానీ మాట మార్చలేదు.

"గందుకే రమ్మంటున్న" అంది.

మర్నాడు పదకొండైంది. పదకొండుంబావైంది. మహేశ్వరి నల్ల కారు పక్కన నిలబడి అద్దంలోంచి రోడ్డునే చూస్తోంది. "ఎవరు మహేశ్వరీ కస్టమర్? ఇంకా రాలేదా?" అంది నాగశ్రీ.

"మా అమ్మా నాయినా మేడమ్. వస్తారు."

వచ్చారు. మాసమ్మ పండుగ చీర కట్టుకుంది. ఈదయ్య ర్యాంపు మధ్యలో వంగి, అంచున పగిలిన చోట బొటనవేలితో రుద్ది చూస్తున్నాడు. చూసి లేచి, తలుపు ముందు చెప్పులు విడవబోయాడు.

మహేశ్వరి పరుగెత్తుకు వచ్చింది. "చెప్పులు ఏసుకో నాయినా. లోపల అందరు ఏసుకునే తిరుగుతున్నరు."

"గచ్చు..."

"నువ్వేసిందే గద. ఏం గాదు, రా."

చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "మేడమ్, మా నాయిన. మన ర్యాంపు కట్టిన మేస్త్రి ఈయనే" అని అందరూ వినేటట్టు చెప్పింది. నాగశ్రీ లేచి నిలబడి, "కూర్చోండి బాబాయి గారూ" అని కుర్చీ జరిపింది. ఈదయ్య కూర్చోలేదు. ఎందుకో తల మాత్రం ఎత్తాడు.

కారు కదిలింది. మాసమ్మ వెనక సీటును తడిమి తడిమి చూసుకుంటోంది. "సప్పుడే లేదేందే, నడుస్తుందా?" అంది. ఈదయ్య మాత్రం కారును చూడలేదు. కూతురి చేతులనే చూశాడు. ఎదురుగా వచ్చిన ఆటోకు ఆమె దారి ఇవ్వడం, అశోక్‌నగర్ చౌరస్తాలో పుస్తకాల సంచులతో రోడ్డు దాటుతున్న పిల్లల కోసం ఆగడం, ఎవడో అడ్డం వచ్చి తిట్టినా చిరునవ్వుతో పోనివ్వడం, అన్నీ చూశాడు.

"ఇంత సక్కగ ఎప్పుడు నేర్చుకున్నవ్ బిడ్డా?"

"మూడేండ్ల కింద నాయినా."

అంతకంటే గట్టి దెబ్బ ఏ తండ్రికీ తగలదు. ఈదయ్య జేబులోంచి తన చిన్న ఫోను తీశాడు.

"నిన్న తిమ్మయ్యది కలిపినవ్ గద. నాది గూడ కలుపు."

మహేశ్వరి పక్కకు ఆపి కలిపి, మళ్లీ కారు తీసింది. ఈదయ్య ఒక్కొక్క అంకె నొక్కాడు. ఇందిరా పార్క్ సిగ్నల్ దగ్గర కారు ఆగేసరికి అవతల గొంతు వినిపించింది.

"ఆ, ఈదన్నా! ఏం ఆలోచన చేసినవ్? పిల్లకు నచ్చజెప్పినవా?"

"తిమ్మన్నా, నా బిడ్డ పని మానది."

"అరె, గట్లంటె ఎట్లనే? నిన్న మానిపిస్తనంటివి..."

"అన్న. తెల్వకన్న. ఇయ్యాల నేనే కారెక్కి చూసిన. చూసినంక చెప్తున్న. నా బిడ్డను చేసుకునేటోడు దాని పనిని గూడ చేసుకోవాలె. ఇష్టమైతె పిలగాన్నే వచ్చి మాట్లాడుమను, లేకుంటె లేదు. ఇంకోటి, నేను చాటుకు మాట్లాడుతలేను. కార్లకెల్లే మాట్లాడుతున్న. నా బిడ్డ ఇంటున్నది. దాని తల్లి ఇంటున్నది."

"నేనూ గదే చెప్తున్న!" అంది మాసమ్మ వెనక నుంచి, నల్లా దగ్గరి గొంతుతో. "బస్తీల గూడ చెప్త!"

 ఫోను పెట్టేశాక మహేశ్వరికి ఎదురుగా రోడ్డు మసకబారింది. పచ్చ దీపం పడింది. వెనక ఒకడు హారన్ మొదలుపెట్టాడు, ఇంకొకడు అందుకున్నాడు.

"పోనీ బిడ్డా, ఎనక ఒర్రుతున్నరు" అన్నాడు ఈదయ్య. 

"ఒర్రనియ్యి నాయినా" అంది మహేశ్వరి, చున్నీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "నాకు సక్కగ గనవడ్డంకనే పోనిస్త."