ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద తెల్లటిది

నేను ఇంతవరకూ ఏమీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. సరుకుల చీటీ తప్ప ఈ చేత్తో రాసింది లేదు. నలుగురిలో నోరు విప్పే అలవాటు కూడా లేదు, అందుకే కాగితం మీద చెప్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇది మా వీధి రామతులసి స్వయంగా నాకు చెప్పింది.

మా ఊరి కాలవ గట్టు మీద ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. మూతపడి నాలుగేళ్లు. ఈమధ్య పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోవడం లేదు. మొదట చూసింది ఆటో తాతాజీ. అరుగు మీద తెల్లగా ఏదో కూర్చుని ఉందంట. తలకాయ లేదంట. టిక్... టిక్... అని చప్పుడంట.

"గోళ్లు కొరుక్కుంటోందండి బాబూ!" అన్నాడు.

"తలకాయ లేకుండా ఎలా కొరుక్కుంటుందిరా?" అని నవ్వినవాళ్లు కూడా చీకటి పడితే చుట్టుదారి పట్టారు.

ఇదంతా ఒక్క నెల నుంచే. అంతకుముందు ఆ చోటికి ఏ చెడ్డపేరూ లేదు.

మా వీధి ఆడవాళ్లం పన్నెండుమందిమి లేసు అల్లుతాం. రోజూ సాయంత్రం ఏజెంటు రమేష్ బాబు గారి వరండాలో కూర్చుంటాం. పువ్వులు అందరం అల్లుతాం. వాటిని కలిపి టేబుల్ క్లాత్‌గా అతికే పని మాత్రం ఇద్దరిది — రామతులసిదీ, హైమవతి గారిదీ.

హైమవతి గారి సంగతి ఊరంతటికీ తెలుసు. నోరు తెరిస్తే అబద్ధమే. నడి వేసవిలో వచ్చి, "రాత్రి మా ఇంట్లో పులస పులుసు" అనేవారు. గోదావరికి వరద ఎర్రనీళ్లు రాకుండా పులస చేప ఎక్కడిదండీ?

"ఏంటి పిన్నిగారూ, కుళాయిలోంచి వచ్చిందా?" అని నవ్వేవాళ్లం. ఆవిడా మాతో నవ్వేసేవారు.

రామతులసి అలా కాదు. ఆడేదే నాలుగు మాటలు. ఆ నాలుగూ నిజాలే.

ఒకసారి పెద్ద టేబుల్ క్లాత్ ఒకటి కొన్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. మధ్యలో ఒక వరస పువ్వులన్నీ తిరగేసి అతికి ఉన్నాయి. మంచివైపు కిందకి, ముడులవైపు పైకి. కరెంటు లేనప్పుడు ఫోను లైటులో అతికితే జరిగే పొరపాటే అది.

"ఈ వరస ఎవరిది?" అన్నారు రమేష్ బాబు గారు.

అది తనదేనని రామతులసికి తెలుసు. చెప్పేద్దామనే నోరు తెరిచింది. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"హైమవతి పిన్నిగారిదండి."

"నేను కాదండి... ఒట్టు!" అన్నారు ఆవిడ.

"పులస మీద ఒట్టా పిన్నిగారూ?" అని వెనకనుంచి ఒక గొంతు.

వరండా అంతా గొల్లుమంది. రమేష్ బాబు గారు ఆ క్లాత్ ఆవిడ ఒళ్లో పడేసి, రేపటినుంచి రావద్దన్నారు.

నెల గడిచింది. ఒక రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో రామతులసి ఫోను మోగింది. హైమవతి గారి కోడలు సుప్రియ.

"అక్కా, మా అత్తయ్యగారు ఇంకా ఇంటికి రాలేదండి. లేసు దగ్గర మీతోనే ఉన్నారు కదా?"

రామతులసి ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. నెల నుంచి వరండా ఎక్కని మనిషి... రోజూ సాయంత్రం ఎక్కడికి వెళ్తున్నట్టు?

"ఆ... ఇక్కడే ఉన్నారమ్మా. వచ్చేస్తారు."

ఫోను పెట్టేశాక గానీ తెలియలేదు — ఇది రెండో అబద్ధం. ఎందుకలా అన్నావని తర్వాత నేనడిగితే ఒకటే మాట చెప్పింది: భయమేసింది, అంతే.

చెప్పులు తొడుక్కుని, ఆవిణ్ణి వెతుక్కుంటూ కాలవ గట్టెక్కింది. సగం దూరం వెళ్లేసరికి కరెంటు పోయింది. పక్కన కాలవ నిండుగా పారుతోంది. అటు చూడలేకపోయింది. ఆవిడ గానీ ఇందులో... ఆ పైన అనుకోలేదు.

ఐసు ఫ్యాక్టరీ వచ్చింది.

టిక్...

ఆగింది.

టిక్... టిక్...

అరుగు మీద — తెల్లగా — కూర్చుని ఉంది. తల లేదు. తల ఉండాల్సిన చోటా తెలుపే. కింద రెండు చేతులు మాత్రం... కదులుతున్నాయి.

వెనక్కి పరిగెడదామనుకుంది. ఒకవేళ ఆవిడే అయితే? చచ్చి ఇలా కూర్చుని ఉంటే... చంపింది తనే కదా!

"పిన్నిగారూ..." ఒక అడుగు ముందుకేసింది. "పిన్నిగారూ... మీరేనా? బతికే ఉన్నారా?"

చప్పుడు ఆగిపోయింది. తెల్లటిది మెల్లగా ఇటు తిరిగింది. ముసుగు జారింది.

"బతక్కేం? ఈ దోమలే చంపేస్తున్నాయి," అన్నారు హైమవతి గారు.

దోమలకని నెత్తిమీదనుంచి కప్పుకున్నది ఆ టేబుల్ క్లాతే. చేతిలో చిన్న కత్తెర. తిరగబడ్డ వరసలో ముడులు కత్తిరించి, ఒక్కో పువ్వునూ సరిగా తిప్పి మళ్లీ అతుకుతున్నారు.

"ఈ చీకట్లోనా?"

"ముప్ఫయ్యేళ్ల అలవాటు. వేళ్లే చూసుకుంటాయి." గొంతు తగ్గించారు. "పని పోయిందని కోడలితో చెప్పలేకపోయానే. రోజూ లేసుకని బయల్దేరతాను, ఇక్కడ కూర్చుంటాను. దెయ్యముందని ఎవరూ రారు కూడాను. ఇవాళ కరెంటు పోయి, గట్టు మీద దారి కంటికి ఆనక ఉండిపోయాను."

రామతులసి పక్కన చతికిలబడింది. హైమవతి గారు ఆమె వేలు పట్టుకుని ఒక ముడి మీద పెట్టారు. గింజలా గట్టిగా ఉంది.

"ఎవరి చేతి బిగువు వాళ్లది. ఇంత బిగించేది మనలో నువ్వొక్కదానివే."

"తెలిసి కూడా... ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను కదే, నేను కాదని."

రామతులసి ఆ ముడినే వేలితో తడుముతూ కూర్చుంది.

"నా నోరు నేనే పాడుచేసుకున్నానులే," అన్నారు ఆవిడే మళ్లీ. "మీ బాబాయిగారు పోయాక పలకరించేవాళ్లు లేరు. చారన్నం తిన్నానంటే ఎవరాగుతారు? పులస అంటే నవ్వడానికైనా ఆగేవారు. నిజం చెప్పాల్సిన రోజొకటి వస్తుందని అనుకోలేదు."

"ఇంకా ఎన్ని పువ్వులున్నాయండి?"

"నాలుగు."

"వాటిని విప్పకండి," అంది రామతులసి. ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టు దిగి, ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి, ఆ క్లాత్ తను తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే మమ్మల్నందరినీ పిలిచి, వరండాలో ఆ క్లాత్ పరిచింది. "ఈ వరస అతికింది నేను," అంది.

ఎవరూ నమ్మలేదు. "ఆవిడ మీద జాలితో అబద్ధం ఆడుతున్నావమ్మా," అన్నారు రమేష్ బాబు గారు.

రామతులసి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఆ నాలుగు పువ్వుల ముడుల మీద పెట్టుకుంటూ వచ్చింది. వేలు తగలగానే ఆ బిగువు ఎవరిదో తెలిసిపోతోంది. ఇన్నేళ్లుగా పక్కపక్కన కూర్చున్నవాళ్లం. ఆ రోజూ ఈ క్లాత్ మా మధ్యనే ఉంది. ఒక్కరు తడిమి చూసినా సరిపోయేది.

నా వంతూ వచ్చింది. నలుగురిలో నోరు విప్పనిదాన్ని, ఆ రోజు ఒక్కసారి విప్పాను — పులస మీద ఒట్టా అని. అందరూ నవ్వితే లోపల సంతోషించాను కూడా.

చేతులన్నీ అయ్యాక రామతులసి క్లాత్ మడిచి చంకన పెట్టుకుంది. సుప్రియతో ఫోనులో ఆడిన అబద్ధం ఇంకా మిగిలి ఉంది. అది అబద్ధమని ఒప్పుకునేందుకు హైమవతి గారింటికి బయల్దేరింది. నేను చెప్పులు వెతుక్కుని వెనకాలే వెళ్లాను.