నలభై రెండో పరీక్ష

"నా భార్యను నేనే చంపానో కాదో మీరు కనుక్కుని చెప్పాలి," అన్నాడు ఆ పెద్దాయన, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

లెక్కల టీచర్ చేతిలోని పెన్ను పక్కన పెట్టింది. పాతికేళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా ఆవిడకు ఆ పేరు పోలేదు. ఒకప్పుడు ఆవిడ క్లాసులో ఏనాడూ గట్టెక్కని శిష్యుడే ఇప్పుడు అసిస్టెంటు. నలభై దాటి నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలినా, ఆవిడ ముందు ఇంకా చేతులు కట్టుకునే నిలబడతాడు.

పెద్దాయన రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరయ్యాడు. భార్యకు గుండె జబ్బు. మధ్యాహ్నం మూడింటి మాత్ర తప్పితే ప్రాణం మీదకు వస్తుందని డాక్టర్ ముందే హెచ్చరించాడు. అందుకని కూతురు తన కంపెనీలో తయారైన మాత్రల పెట్టెను తెచ్చి మంచం పక్కన పెట్టింది. టైముకు అదే మోగుతుంది. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆయన కాస్త నడుం వాల్చాడు. లేచేసరికి నాలుగున్నర. మాత్ర పెట్టెలోనే ఉంది. భార్య ప్రాణంతో లేదు.

"ముప్ఫై ఏళ్లు డ్యూటీలో రెప్ప వాల్చలేదమ్మా. మరి ఆ రోజు అది మోగినా నాకు వినపడలేదా? అమ్మాయి అప్పట్నుంచి నన్ను నాన్నా అని పిలవడం లేదు," అంటూ చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. మంచం పక్కన స్టూలు మీద పెట్టె ఉంది. ఆ గదికంతటికీ ఒకటే ప్లగ్గు, పెట్టె వైరు అందులోనే ఉంది.

"ఆ రోజు కూడా ఈ వైరు ప్లగ్గులోనే ఉందా?" అని అడిగింది టీచర్.

"లేదమ్మా. పొద్దున ఇస్త్రీ చేసుకుంటూ తీసి, మళ్లీ పెట్టడం మర్చిపోయాను. అంతకుముందు ఎప్పుడూ తీయలేదు. బ్యాటరీ మీద కూడా మోగుతుందని అమ్మాయి చెప్పింది."

టీచర్ వైరు పీకింది. కాసేపటికి పెట్టె మీది తెర ఆరిపోయింది. మీట నొక్కితే తెర వెలిగి, అందులోని టైము శిష్యుడి చేతి గడియారంతో సెకనుతో సహా సరిపోయింది.

"పెట్టె బాగానే ఉంది టీచర్."

"టైము బాగానే ఉంది," అంది ఆవిడ.

మర్నాడు కంపెనీ సూపర్‌వైజర్ వాళ్ల ముందు ఒక కాగితం పెట్టాడు. "నలభై రెండు పరీక్షలు పెట్టాం. పాసైనవి నలభై ఒకటి. ఫెయిలైనవి సున్నా. ఇంకేం కావాలండీ? పాపం, పెద్దాయన ఆదమరిచి నిద్రపోయాడు."

శిష్యుడు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అతనికేమీ కనిపించలేదు. వెనకటికి అతని జవాబు పత్రం తిరిగిస్తూ నిట్టూర్చినట్టే నిట్టూర్చింది టీచర్. డ్రైవర్లను, అంటే పెట్టెలోని సాఫ్ట్‌వేర్‌కూ చిప్పులకూ మధ్య మాట మోసే ప్రోగ్రాములను, పరీక్షించే పని పెద్దాయన కూతురిదే. ఆమె పక్క బల్ల దగ్గర తల ఎత్తకుండా కూర్చుంది.

"ఆయన పడుకున్నారు. అంతే. దయచేసి ఇక తవ్వకండి," అంది.

మూడో రోజు సాయంత్రం సూపర్‌వైజర్‌తో సహా అందరినీ ఆ మంచం గదిలోనే కూర్చోబెట్టింది టీచర్. పెట్టెలో అలారం ఐదు నిమిషాల తర్వాతకు పెట్టి, వైరు తీసేసింది. తెర ఆరిపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి, ఆపైన ఇంకో రెండు గడిచాయి. పెట్టె మోగలేదు.

పెద్దాయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"వైరు ఉన్నంతసేపు ఇది మేలుకుని ఉంటుంది, తనే టైము చూసుకుని మోగుతుంది," అంది టీచర్. "బ్యాటరీ మీద మాత్రం పడుకుంటుంది. అప్పుడు లోపలి గడియారం చిప్పు అలారం కొట్టి లేపాలి. బ్యాటరీ మీదా మోగుతుందని అమ్మాయి అందంటే, ఒకప్పుడు మోగేదన్నమాట. ఆ చిప్పు మార్చారు కదూ?"

సూపర్‌వైజర్ నీళ్లు నమిలాడు. "పాతది దొరకలేదండీ. కొత్తదీ టైము బాగానే చూపిస్తోంది కదా అని..."

"చూపిస్తోంది. దానికి అలారం లేదు. మరి పరీక్షలో ఎందుకు బయటపడలేదు? నలభై రెండులో నలభై ఒకటి పాసైతే, ఫెయిల్ సున్నా అయితే, మిగిలిన ఆ ఒక్కటి ఏమైంది?"

శిష్యుడు నాలిక కరుచుకున్నాడు. కూతురి మొహం పాలిపోయింది.

"దాటేసింది," అంది ఆమె, వినీ వినపడనట్టు. "కొన్ని చిప్పులకు అలారం ఉండదు. వాటిని ఫెయిల్ చేయడం న్యాయం కాదు. అందుకని పరీక్ష ముందుగా అలారం ఉందా అని డ్రైవర్‌ను అడుగుతుంది. లేదని జవాబొస్తే ఆ ఒక్క పరీక్షనూ దాటేసి ముందుకెళ్తుంది. ఈ పెట్టెకు మాత్రం అలా దాటేయకూడదని రాయాల్సింది. రాయలేదు."

"ఎవరు?"

"నేనే."

ఆ ప్రశ్న టీచర్ అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది శిష్యుడికి. ఆవిడ తెలివికి ఎప్పుడూ మురిసిపోయేవాడు, ఆ క్షణంలో ఆవిడ మొహం చూడలేకపోయాడు.

పెద్దాయన మంచం అంచు పట్టుకుని లేచాడు. "కాదమ్మా. ఆ రోజు మోగింది. నేను విన్నాను. నేనే ఆపేసి మళ్లీ పడుకున్నాను. వీళ్లకు అబద్ధం చెప్పాను. నీ తప్పేం లేదు తల్లీ."



కూతురు వచ్చి ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "అది మోగదు నాన్నా," అంది ఏడుస్తూ. "దానికి మోగడం రాదు నాన్నా."

"మోగిందమ్మా," అన్నాడాయన, ఆమె తల నిమురుతూ. "మోగింది. నేను విన్నాను."