ఆకురాయి గీత

ఆడపిల్ల మోటారు సైకిలు నెట్టుకుంటూ రావడం కర్నూలు అంతకుముందు చూసి ఎరగదు. కొత్తగా రాజధాని అయిన ఊరు, డేరాల్లో ఆఫీసులు, వీధినిండా గుమాస్తాలు. అంతమందీ నోళ్ళు తెరుచుకుని హులిగెమ్మనే చూస్తున్నారు. రిపేరు షెడ్డు ముందు టీ తాగుతున్న ఓబన్న కూడా గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమప్పా, చూసింది చాల్లే. వచ్చి ఒక చెయ్యెయ్యి."

"ముక్కుతాడు పట్టి లాగినట్లు లాగుతాండావే! అది బండా, ఎద్దా?"

"ఎద్దయితే నీకాడికెందుకు తెస్తా? పశువుల డాక్టరు కాడికే పోతుంటి."

టీ కొట్టు గౌస్ పీర్ పడీ పడీ నవ్వాడు. ఓబన్నకు ఒళ్ళు మండింది. వారం తిరిగేసరికి ఆ మంట వేరే మంటగా మారిందనుకోండి, అది కుర్రతనం.

బండి హులిగెమ్మ నాయనది. యుద్ధం నుంచి తిరిగొచ్చి, మిలిటరీ వాళ్ళు వేలం వేస్తుంటే కొన్నాడు. ఆయన జ్వరంతో పోయాక ఎందరడిగినా తల్లి సిద్దమ్మ అమ్మలేదు. "అది నా అల్లునికి" అనేది. ఇప్పుడు పిల్లకు సంబంధాలు చూస్తూ, బండి బాగుచేయించమని పంపింది.

సామాను మద్రాసు నుంచి రావాలి. ఆ వంకతో హులిగెమ్మ రెండు నెలలు షెడ్డు చుట్టూ తిరిగింది. ఒకనాడు వాన పట్టుకుంది. ఆ సీమలో వాన అంటే పండగే కదా! ఇద్దరూ రేకు కింద నిలబడ్డారు.

"ఇంత జాగా ఉంటే ఆ మూలకు పోతావేం?" అంది ఆమె.

"చేతులకు నూనె ఉండాది. నీ చీరకు అంటుతాది."

"అంటితే ఉతుక్కుంటాలే."

ఓబన్నకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

హ్యాండిలు ఎత్తు సరిచేయడంలో అతనిదొక పద్ధతి. టేపు ముట్టడు. మనిషిని బండిమీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని, భుజాలు వదిలేసి, చేతులు చాపమంటాడు. పిడికిళ్ళు ఎక్కడ ఆగితే అక్కడికి హ్యాండిలు తిప్పి, బిగింపు దగ్గర ఆకురాయితో చిన్న గీత గీస్తాడు. "మనిషి బండికి వంగగూడదు. బండే మనిషికి సర్దుకోవాల" అంటాడు.

బండి తయారైన సాయంత్రం హులిగెమ్మ, "ఓబన్నా, హ్యాండిలు నీ కొలతకు పెట్టు" అంది.

"నా కొలత ఎందుకు?"

"పెట్టమంటాండా కదా! ఎల్లుండి మా అమ్మను తోలుకొస్తా. అప్పుడు చెప్తా."

ఓబన్న ఎక్కి కళ్ళు మూసుకుని చేతులు చాపాడు. "ఈడ" అని అతని పిడికిలి మీద వేలు పెట్టింది. అతను అక్కడే గీత గీశాడు. అయినా నోరు విప్పి అడిగాడా? లేదు. మొద్దు!

మర్నాడు గౌస్ పీర్ వార్త మోసుకొచ్చాడు. "సిద్దమ్మ ఇంటికి నందికొట్కూరు సంబంధం వచ్చినాదంట. డేరా ఆఫీసులో గుమాస్తా. నేనే చూస్తిని, వాకిట్లో తల వంచి లోపలికి పోయినాడు. అంత పొడుగు!"

ఓబన్న గుండెల్లో కారం చల్లినట్లయింది. నవ్వులాటకు మెకానిక్కు, తాళి కట్టేందుకు గుమాస్తానా? ఆ కోపంలో పానా తీసుకుని బోల్టులు వదులు చేశాడు. హ్యాండిలును తన గీతకు మూడు వేళ్ళ పైకి తిప్పి, కసిగా బిగించాడు.

చెప్పిన రోజుకు హులిగెమ్మ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నువ్వేనా నాయనా ఓబన్నవు? ఎక్కి కూచో, చూస్తాం" అంది సిద్దమ్మ.

"నేనెందుకమ్మా? మీ నందికొట్కూరు అల్లుని కొలతకు పెట్టినా. సరిగ్గా సరిపోతాది."

హులిగెమ్మ హ్యాండిలు కేసి చూసింది. గీత కింద ఉండిపోయింది.

సిద్దమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "అదేం మాటప్పా! ఆ సంబంధం వద్దని, నీ పేరు చెప్పి, ఈ పిల్ల రెండు దినాలుగా మెతుకు ముట్టలేదు. నీ అల్లుడు కూచుంటాడు చూద్దువురా అని తోలుకొచ్చినాది."

ఓబన్న చేతిలోంచి పానా జారింది. "హులిగెమ్మా... నాకేమెరుక! ఇప్పుడే దించుతా."

"ముట్టొద్దు!" ఆమె హ్యాండిలు తన వైపు లాక్కుంది. "నన్ను ఒక్కమాట అడిగుంటే పోయేది కదప్పా. ఎవురో చెప్పిన మాటకు నన్ను ఇంకొకరికి ఇచ్చేస్తివి. రేపు ఇంకెవురో ఇంకోటి చెప్తే, తాళి కట్టినదాన్ని కూడా వాకిలి దాటిస్తావు."

వచ్చినట్లే బండిని తనే నెట్టుకుంటూ పోయింది. తర్వాత ఓబన్న నాలుగుసార్లు ఆ ఇంటికి వెళ్ళాడు. నాలుగుసార్లూ సిద్దమ్మే తలుపు తీసి, కళ్ళొత్తుకుని, మళ్ళీ వేసేసింది. శ్రావణంలో హులిగెమ్మ మెడలో నందికొట్కూరు తాళి పడింది.

రెండేళ్ళు గడిచాయి. రాజధాని హైదరాబాదుకు తరలిపోతోంది, డేరాలు పీకేస్తున్నారు. ఓ పొద్దున ఆ బండే షెడ్డు ముందు ఆగింది. వెనక హులిగెమ్మ. ముందున్నది ఆమె మొగుడు కౌలుట్లయ్య. పొడుగేం కాదు, ఓబన్నంత మనిషి.

"హైదరాబాదు పోతాండామప్పా. ఈ హ్యాండిలుతో భుజాలు లాగేస్తాండాయి" అన్నాడు కౌలుట్లయ్య. "ఎవురు పెట్టినారో గానీ, మా అన్న కొలత! నాకోసం ఈమెను చూసేకి మొదట వచ్చింది ఆయనేలే, తాడిచెట్టు. దించుదామంటే రెండేండ్లుగా ఈమె ఒప్పుకోదు. రాత్రి ఏమనుకున్నాదో, సరే పదమన్నాది."

ఓబన్న తలెత్తలేదు. "కళ్ళు మూసుకో సామీ. చేతులు చాపు."

బోల్టులు వదులు చేసి హ్యాండిలు దించుతూ వచ్చాడు. పిడికిళ్ళు అందిన చోట ఆగి చూస్తే, సరిగ్గా ఆ పాత గీత మీదే ఆగింది.

"అబ్బ! నాకోసమే చేసినట్లు ఉండాదే!" అన్నాడు కౌలుట్లయ్య, కళ్ళు తెరిచి.

హులిగెమ్మ ఆ గీతను చూసింది. తర్వాత ఓబన్నను చూసింది, రెండేళ్ళలో మొదటిసారి.

"గట్టిగా బిగించప్పా" అంది. "మళ్ళా ఈడికి వచ్చేది లేదు."

ఓబన్న బిగించాడు.