నలభై సెకన్ల నలుపు

హాస్య సినిమా అయితే విడుదలకు ముందు ఓ యాభై మందికి చూపించి, హాల్లో మైకు పెట్టి వాళ్ళ నవ్వులు రికార్డు చేయడం మా ఎడిటింగ్ గదిలో అలవాటు. నవ్వు ఎంతసేపు ఉంటే జోకు తర్వాత అంత ఖాళీ వదలాలి. లేకపోతే తర్వాతి మాట నవ్వులో కొట్టుకుపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ టేపులు వింటూ బతికినవాణ్ణి. ఏ నవ్వు మొహమాటానికి వచ్చిందో, ఏది కడుపులోంచి వచ్చిందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

ఆ రోజు టేపులో నా భార్య నవ్వు వినిపించింది.

ఆమెను ఆ ప్రదర్శనకి పంపింది నేనే. సినిమాలో ఏముంది గనక, జారిపోయే ప్యాంట్లు, ఉబ్బిన కడుపులు. అందులో హాస్యగాడు నా చిన్ననాటి స్నేహితుడు, ఊరంతా వాణ్ణి తుస్సు అని పిలిచేవారు. నన్ను అన్నా అనేవాడు, ఆమెను వదినా అనేవాడు. ఒక సీనులో వాడు కొత్త అల్లుడు. మామగారింటి బాత్రూములో ఇరుక్కుపోతాడు. తలుపు బయట మామగారు నిలబడి ఉంటాడు. లోపలి శబ్దాలు బయటికి వినపడకుండా వీడు దగ్గుతూనే ఉంటాడు. మొత్తం నలభై సెకన్లు. దానికి మా ఆవిడ నవ్వి నవ్వి, చివరికి ఎక్కిళ్ళు పెట్టింది.

పదకొండేళ్ళ కాపురంలో నా మాటకి ఆమెకి ఒక్క ఎక్కిలి రాలేదు. నా కడుపు భగ్గుమంది. ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో నాకే తెలియదు.

సీను సాగుతోందని దర్శకుడికి నూరిపోసి కోసేశాను. సంగతి తెలిసి తుస్సు పరుగున వచ్చాడు. నా కుర్చీ పక్కన నేలమీదే కూర్చున్నాడు.

"అన్నా, ఈ ఒక్క సీను ఉంచు. మిగతావన్నీ కోసుకో. నేను బాగా చేసింది ఇదొక్కటే."

"నా చేతుల్లో ఏం లేదురా," అన్నాను. నా రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి.

సినిమా విడుదలైన పదో రోజున వాడు నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. శవం దగ్గర మా ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. దానికీ నేను కుళ్ళుకున్నాను. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఆరు నెలల తర్వాత ఇళ్ళలో చూసుకునే డిస్కు వేస్తామంటూ ఒక కంపెనీ వచ్చింది. కోసేసిన సీను మళ్ళీ కలపమన్నారు. కలిపి చూపించాను, సరేనన్నారు. వాళ్ళు వెళ్ళాక ఆ సీను తీసేసి, దాని చోట నలభై సెకన్ల నలుపు పెట్టాను. సీను తాలూకు నకళ్ళన్నీ చెరిపేశాను. నలుపు పెట్టడం మా పనిలో మామూలే. మాటలూ బొమ్మా ఒకదానికొకటి తప్పిపోకుండా ముందు నలుపు పెట్టుకుంటాం, చివర్లో అది తీసి రెండు వైపులా అతికిస్తాం. ఆ అతికించడం మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి డిస్కులు అంగళ్ళకి చేరిపోయాయి.

తిట్లు పడతాయని ఎదురుచూశాను. కంపెనీ ఆయన ఫోను చేశాడు.

"బాత్రూము సీను అదిరిందండీ. జనం వెనక్కి తిప్పి తిప్పి చూస్తున్నారు."

ఒక డిస్కు ఇంటికి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం, బయట వాన. కిటికీలు మూసి ఉండటంతో హాలంతా తడిబట్టల వాసన. ఇద్దరం కూర్చుని చూస్తున్నాం. ఆ చోటు రాగానే తెర నల్లబడింది. అనుకున్నదే. ప్లేయరు సన్నగా గుయ్యిమంటోంది.

మా ఆవిడ నవ్వింది.

తిరిగి చూశాను. తెర నల్లగానే ఉంది. ఆమె ముఖం మీద మాత్రం వెలుగు కదులుతోంది.

"ఏం చూసి నవ్వుతున్నావు?"

"తుస్సుని చూసి. ఏం, మీకు నవ్వు రావట్లేదా?" అంది, ఎక్కిళ్ళ మధ్య.

అందరికీ కనిపిస్తున్నాడు. నాకొక్కడికే కనిపించడు. ముందు నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది.

ఆమె రోజూ అదే పెట్టుకునేది. నేను గడియారం చూసేవాణ్ణి. రెండో రోజు నలుపు యాభై సెకన్లు ఉంది. నాలుగో రోజు మూడు నిమిషాలు. టీవీ దగ్గరికి వెళితే బాత్రూములు కడిగే మందు వాసన...

"ఇవాళ తలుపు తీసుకుని బయటికొచ్చాడు," అంది ఐదో రోజున. "ఆ సెట్టు అచ్చం మన హాలులాగే ఉందండీ."

ఆరో రోజున డిస్కు విరిచి చెత్తలో పడేశాను. ఆమె వచ్చి చెత్తబుట్ట పక్కన నిలబడింది.

"నన్ను రమ్మంటున్నాడండీ," అంది మెల్లగా. "మీరేమైనా అనుకుంటారా?"

ఏడో రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. గుమ్మం దగ్గర ఆమె చెప్పులున్నాయి. హాల్లో టీవీ నడుస్తోంది. తెర నలుపు. కుర్చీ ఖాళీ. చెయ్యి వేసి చూశాను, ఇంకా వెచ్చగా ఉంది.

పిలిచాను... పలకలేదు. వంటింట్లో లేదు. పడకగదిలో లేదు.

దగ్గు వినిపించింది.

తెరలోంచి. ఆ వెంటనే నవ్వు. ఆ నవ్వు నాకు తెలుసు... చివర ఎక్కిళ్ళు.

ప్లేయరు తెరిచి చూశాను. లోపల ఏమీ లేదు. రిమోట్ తీసుకున్నాను. ఆపితే ఆమె బయటికొస్తుందో, అక్కడే ఉండిపోతుందో... బొటనవేలు బటన్ మీద పెట్టాను.

"అన్నా..." గుసగుస. ఆ కుర్చీ పక్కనుంచి, నేలమీది నుంచి. "ఈ ఒక్క సీను ఉంచు."

ఆమె మళ్ళీ నవ్వింది. అంత హాయిగా, నాతో ఎప్పుడూ నవ్వనంత హాయిగా. అంత భయంలోనూ నా కడుపు మండింది.

బటన్ నేను నొక్కలేదు. ఒట్టు.

ఎక్కిలి మధ్యలో తెగింది.

మరుక్షణం తెర మీద తర్వాతి సీను నడుస్తోంది. మధ్యలో నలుపు లేదు. వెనక్కి తిప్పి, ఒక్కో బొమ్మా ఆపి చూశాను. ఇరవై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నవాణ్ణి, నాకే అతుకు దొరకలేదు.

గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. ఆమె చెప్పులు లేవు. అవి ఉండాల్సిన చోట, నెలల తరబడి ఎవరూ తొక్కనట్టు, దుమ్ము సమంగా పరుచుకుని ఉంది.