సగంలో ఆపిన అత్త కథ

పొద్దున్నే కొళాయికి పోయిన తిరుపాలమ్మ సగం బిందెతోనే తిరిగొచ్చింది. వాకిట్లో ముగ్గు వేస్తున్న కోడలు లహరి తలెత్తి చూసింది. అత్త పలకరించకుండానే లోపలికి పోయింది. బిందె దించిన చప్పుడు మామూలుగా లేదు.

విత్తనం వేసే కాలం దగ్గరికొచ్చింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు మధ్యాహ్నాలు ఎవరో ఒకరి వసారాలో చేరి, విత్తనానికి వేరుశనగ కాయలు చేత్తోనే ఒలుస్తారు. మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది. చేతులకు పని, నోటికి తీరిక. లహరి మాటకారి కాదు గానీ, తను చదివిన నవలల గురించి అడిగితే మాత్రం చెప్పేది. కథ బిగుసుకున్న చోట ఆపి, "తక్కింది చదువుకోండక్కా" అనేది. అలా ఆపితేనే పుస్తకం చేతులు మారేది. కుట్టుమిషన్ లక్ష్మీదేవి అలాగే చదవడం మొదలుపెట్టి, ఇప్పుడు తనే లహరికి ఫలానాది చదవమని చెబుతోంది.

నిన్న అక్కమ్మ వసారాలో చెప్పింది కరువులో చిక్కిన ఒక ఇంటి కథ. అందులో అత్త గింజల గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంటుంది. కడుపుతో ఉన్న కోడలు ఆకలితో ఆ తలుపు ముందు కూర్చుంటుంది. లహరి సరిగ్గా అక్కడ ఆపింది.

"లహరీ, ఇట్లా రా మే."

లహరి చేతికంటిన ముగ్గు దులుపుకుంటూ లోపలికి పోయింది.

"నేను నీకు కూడు పెట్టకుండా బీగం వేసినానా?"

"అదేం మాటత్తా?"

"అక్కమ్మ అడుగుతాండాది, కొళాయి కాడ, అందరి ముందర. 'ఏం తిరుపాలక్కా, కోడలికి కడుపునిండా పెట్టుకోరాదా? పాపం, కథ మాదిరి చెప్పుకోని ఏడుస్తాండాది' అని!"

ఈ ఇంట్లోనూ విత్తనాల గది తాళంచెవి అత్త బొడ్లోనే ఉంటుంది. ఊరంతా చూసిందే. చెప్పేటప్పుడు ఆ సంగతి లహరికి తట్టనే లేదు.

"అది పుస్తకంలో అత్త. నువ్వు కాదు."

"పుస్తకంలో అత్తను అక్కమ్మ చూసిందా? ఆమెకు కనపడే అత్తను నేనే గదా!"

ఆటో తీయబోతున్న కొడుకు గిరి గొడవ విని లోపలికొచ్చాడు. గూట్లో ఉన్న నవల చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ పొద్దే కదిరి లైబ్రరీలో ఇచ్చేసి వస్తా. ఇంగ నేను పుస్తకాలు తెచ్చేది లేదు."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక లహరి నోరు తెరిచి అడిగింది పుస్తకాలొక్కటే. అవీ పోతున్నాయి. అంతకంటే, అత్త తన ముఖం చూడకుండా గోడ చూస్తూ కూర్చోవడం ఆమెకు ఎక్కువ నొప్పిగా ఉంది.

"అత్తా, నాకు ముద్ద పెట్టందే నువ్వు తినవు. అట్లాంటి నిన్ను ఊరి నోట్లో పెడతానా?"

తిరుపాలమ్మ ఇటు తిరిగింది.

"ఆఖర్న ఏం చేసింది ఆ అత్త?"

"ఆఖర్న..." లహరి అలవాటుగా ఆగింది.

"నాకూ సగమేనా మే?"

"అట్ల కాదత్తా. చెప్తే బాగుండదు. చదువుతా, విను."

"గిరీ, దాన్ని ఆడ పెట్టి పో నాయనా. పేరు పోయింది నాది. ఏం రాసినారో నేను వినాల."

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఎవరింటికీ పోలేదు. తమ వసారాలోనే కూర్చున్నారు. తిరుపాలమ్మ కాయలు ఒలుస్తుంటే లహరి చదివింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"తలుపు తీయదేమే ఆ ముసల్ది! వట్టి మనిషా ఆ పిల్ల?" అని తిరుపాలమ్మ ఆ అత్తను అక్కమ్మ కంటే ఎక్కువ తిట్టింది.

చివరి పేజీల్లో వాన పడింది. అత్త గది తలుపు తీసింది. లోపల తిండిగింజలు లేవు, విత్తనం మాత్రమే ఉంది. ఇన్నాళ్లూ తన పళ్లెంలో పడిన ముద్ద అత్త వాటాదని కోడలికి అప్పుడు తెలిసింది.

లహరి పుస్తకం మూసింది. తిరుపాలమ్మ చేయి చాటలోనే ఆగిపోయి ఉంది.

"మా అత్త కూడా బీగంచెవి బొడ్లోనే పెట్టుకునేది మే. వానల్లేని ఆ యేడు గిరిగాడు నా కడుపులో ఉన్నాడు. పీనాసిదని ఎంత తిట్టుకున్నానో. ఆమె తింటావుంటే నేనెప్పుడూ చూళ్లేదు. యాడో తినింటాదిలే అనుకున్నా." ఒలిచిన గింజ ఒకటి చేతిలోకి తీసుకుంది. "తిన్లేదేమో మే."

లహరి చాట పక్కకు జరిపి అత్త చేయి పట్టుకుంది. పొట్టు దుమ్ము అంటిన ఆ చేయి చాలాసేపు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

మరుసటి పొద్దున ఇద్దరూ కలిసి కొళాయికి పోయారు. అక్కమ్మ నవ్వింది.

"ఏం తిరుపాలక్కా, కోడలి చేత కథలు మాన్పించినావంట?"

"ఎవరు చెప్పినారు? ఆ పుస్తకం నేనూ విన్నా. మంచి పుస్తకం. నువ్వూ విను."

"అవునా! ఇంతకీ ఆ అత్త తలుపు తీసిందా?"

తిరుపాలమ్మ నిండు బిందె నడుముకెత్తుకుంది.

"చెప్పను."

దారిలో లహరి ఆమె కొంగు లాగింది. "చెప్పేయత్తా. మళ్లా నిన్నే అనుకుంటారు."

"అనుకోనీలే. నన్ను తిట్టుకుంటూనైనా వచ్చి ఆఖరు దాకా వింటారు."

మధ్యాహ్నం అక్కమ్మ తన చాట పట్టుకుని వచ్చింది. వెనకే మరో ఇద్దరు. తిరుపాలమ్మ కాయల మూట జరిపి వాళ్లకు చోటిచ్చింది.

"మొదట్నుంచీ చదువు లహరీ," అంది. "సగం నుంచి వద్దు."