రెంచి పట్టే చేతులు

"ముప్పై ఎనిమిది మంది పోయారు," అన్నాడు చీఫ్. "ఎవరూ చావలేదు. ఎవర్నీ ఎత్తుకుపోలేదు. రాజీనామా కాగితం రాసిచ్చి, దణ్ణం పెట్టి మరీ వెళ్లారు."

డేగ ఫైలు మూసి బల్ల మీదకి తోశాడు. గూఢచారి విభాగంలో అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పదకొండేళ్ల సర్వీసులో మూడు దేశాల జైళ్ల నుంచి తప్పించుకుని వచ్చినవాడు. మెకానిక్కుల రాజీనామాలు చదవడానికి పిలిపిస్తారని అతను కలలో కూడా అనుకోలేదు.

"రెంచి తిప్పేవాళ్ల కోసం ఏజెంటా సార్?"

"పైలట్‌ని రెండేళ్లలో తయారు చెయ్యొచ్చు. జెట్ ఇంజిన్ చప్పుడు విని జబ్బేంటో చెప్పే మనిషికి పదిహేనేళ్లు పడుతుంది. మన ఎయిర్‌బేస్‌లో అలాంటివాళ్లు ఇంకా పద్నాలుగు మంది మిగిలారు. గురువారం సాయంత్రం నాలుగింటికి ఆ పద్నాలుగు మందీ ఒకే విమానం ఎక్కుతున్నారు. విదేశీ ఏవియేషన్ కంపెనీలో ఉద్యోగాలట. కంపెనీ ఉత్త ముసుగు. వెనకున్నది శత్రువు."

"అరెస్టు చేయండి."

"ఏ నేరం మీద? ఉద్యోగం మానెయ్యడం నేరం కాదు. కంపెనీలో మన డబుల్ ఏజెంట్ ఉంది. పేరు ముత్యం. 'కాఫీ చల్లారిపోయింది' అను. 'నాకు అలాగే ఇష్టం' అంటే ఆవిడే."

సోమవారం ఉదయం డేగ నీలం ఓవరాల్ వేసుకుని, బదిలీ మీద వచ్చిన టెక్నీషియన్‌గా హ్యాంగర్‌లో అడుగుపెట్టాడు. చొక్కా గుండీలో కెమెరా, వాచీలో ట్రాన్స్‌మిటర్ ఉన్నాయి. లోపల ఇరవై జెట్లున్నాయి. వాటిలో పదకొండింటికి ఇంజిన్ కవర్లు విప్పి, కింద ట్రేలు పెట్టి ఉన్నాయి. ట్రేలలో నట్లు, బోల్టులు, వాటి మీద దుమ్ము. తుడిచే మనిషి కూడా లేడు.

అందరూ పెద్ద మేస్త్రి అని పిలిచే మనిషి ఒక ఇంజిన్‌లోకి భుజం దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. బయటికి తియ్యకుండానే, "ఆ టార్క్ రెంచి ఇటివ్వు," అన్నాడు.

డేగ ఇచ్చాడు.

"నువ్వు టెక్నీషియన్‌వి కాదు," అన్నాడు మేస్త్రి.

"ఎందుకంటారు?"

"గరిట పట్టుకున్నట్టు పట్టుకున్నావ్. కాపలాకి పంపారా బాబూ? చూస్కో. పారిపోవట్లేదు, చెప్పే పోతున్నాం."

మూడు దేశాల పోలీసుల కళ్లు కప్పినవాడి వేషం మూడు నిమిషాలు కూడా నిలవలేదు. డేగకి చెవులు వేడెక్కాయి. అయినా అక్కడే ఒక టూల్ బాక్స్ మీద కూర్చున్నాడు.

"ఎందుకు పోతున్నారు? దేశం..."

"ఆ మాటొద్దు," మేస్త్రి చెయ్యి బయటికి తీసి గుడ్డకి తుడుచుకున్నాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. నిన్న చేరిన గుమాస్తాకీ నాకూ జీతంలో తేడా ఎంతో తెలుసా? ఒక సినిమా టికెట్టు. పోనీ పని నేర్పిస్తారా? కొత్త ఇంజిన్ మీద ట్రైనింగుకి ఎనిమిది సీట్లొచ్చాయి. ఎవరెళ్లారో చెప్పనా? నలుగురు ఆఫీసర్లు, ఇద్దరు గుమాస్తాలు, ఒక ఆఫీసర్ గారి తోడల్లుడు, ఒక ఫొటోగ్రాఫరు. ఇంజిన్ ముట్టుకునేవాడు ఒక్కడూ లేడు. మాకు ఆ ఫొటోలు పంపించారు. బావున్నాయి."

పక్క ఇంజిన్ కింద నుంచి ఒక గొంతు నవ్వింది. "ఆ ఫైలు సంగతి కూడా చెప్పు బావా!"

మేస్త్రి చెప్పాడు. నైపుణ్య భత్యం, ట్రైనింగు సీట్లు, ఎనిమిది గంటల షిఫ్టు అడుగుతూ మూడేళ్ల కిందట ఒక ఫైలు పంపారు. మంత్రి ఒప్పుకున్నాడు. ఎయిర్ చీఫ్ ఒప్పుకున్నాడు. ఆర్థిక శాఖలో సెక్షన్ ఆఫీసర్ దగ్గర ఆగిపోయింది. టర్బైన్ అంటే ఏమిటో రాతపూర్వకంగా వివరించమన్నాడు. వివరించారు. ఆ వివరణకి మూడు నకళ్లు కావాలన్నాడు.

"పోయిన నెల," అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించి, "పదహారు గంటల డ్యూటీ చేసి మావాడొకడు నిలబడే నిద్రపోయాడు. ఇంధనం గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు వదులుగా ఉండిపోయింది. పైలట్ దూకేశాడు, ప్రాణం దక్కింది. నడుం విరిగింది. ఇరవై నాలుగేళ్ల పిల్లాడు. నన్ను మావయ్యా అని పిలిచేవాడు. ఇంకోసారి అలాంటిది చూడలేను. అందుకే పోతున్నా."

డేగ గుడ్డ అందుకుని ట్రేలో బోల్టుల మీది దుమ్ము తుడిచాడు.

మంగళవారం హోటల్లో కంపెనీ వాళ్ల విందు. ముత్యం రంగు చీర, మెడలో ముత్యాలు, చేతిలో పేర్ల జాబితాతో ఒకావిడ నడుస్తుంటే వెయిటర్లు దారి మరిచి గోడలకి గుద్దుకుంటున్నారు.

"కాఫీ చల్లారిపోయింది," అన్నాడు డేగ.

"నాకు అలాగే ఇష్టం." ఆవిడ నవ్వు చెదరలేదు. లిఫ్టు తలుపులు మూసుకోగానే పౌడరు డబ్బా అతని చేతిలో పెట్టింది. "ఇందులో రూటు మ్యాపు ఉంది. గంట ఎగిరాక ఇంజిన్‌లో లోపమని చెప్పి శత్రువు బేస్‌లో దించేస్తారు. ఇంక ఆ పద్నాలుగు మందీ బయటి వెలుతురు చూడరు. మా బాస్ కూడా అదే విమానంలో వస్తున్నాడు. తలుపు మూసేదాకా ఎవరికీ కనపడడు."

"ఒక్కటి చెప్పండి. ఆర్థిక శాఖలో మీ మనిషి ఎవరు? ఆ సెక్షన్ ఆఫీసరేనా?"

ముత్యం ఈసారి నిజంగా నవ్వింది. "ఆయన్ని కొనాలని బాస్ అనుకున్నాడు. నెల రోజులు ఆయన పని చూశాడు. చూసి, 'వీడికి డబ్బెందుకు, ఊరికే చేసిపెడుతున్నాడుగా' అన్నాడు."

డేగ జీవితంలో దేశద్రోహుల్ని చాలామందిని చూశాడు. వాళ్లు కనీసం భయపడేవాళ్లు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆ సెక్షన్ ఆఫీసర్ గది. బుధవారమంతా ఆయన సెలవు. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా బరువు పెట్టి ఉంది. ఆ బరువు ఒక జెట్ మోడల్.

"ఆ ఫైలు పరిశీలనలో ఉందండీ," అన్నాడు ఆయన. "వీళ్లకిస్తే రేపు అందరూ అడుగుతారు. అయినా బోల్టులు బిగించడానికి భత్యమేంటి?"

డేగ తన గుర్తింపు కార్డు తీసి ఆయన ముక్కు ముందు పెట్టాడు. "మూడేళ్లు ఫైలు తొక్కిపెట్టారు. ముప్పై ఎనిమిది మంది పోయారు. పదకొండు జెట్లు నేల మీదున్నాయి. శత్రువు కోటి రూపాయలిచ్చినా ఇంత బాగా చేయించుకోలేడు. మీరు గూఢచారా, లేక ఉత్త దద్దమ్మా? రెండోదైతే నిరూపించండి. నాకు ఐదు నిమిషాలు టైముంది."

ఆయన నుదురు తడిసింది. "రెండోదేనండీ!" అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టు. సంతకం పడింది.

"సీలు కూడా తీసుకోండి. మీరూ నాతో వస్తున్నారు."

నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుంది. విమానం మెట్ల దగ్గర ముత్యం జాబితా పట్టుకుని నిలబడింది. డేగ వెనక, పొట్ట దగ్గర గుండీలు పట్టని ఓవరాల్‌లో సెక్షన్ ఆఫీసర్ ఉన్నాడు. ఆవిడ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, "ఇంజిన్ స్పెషలిస్టు," అని టిక్కు పెట్టింది. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. డబుల్ ఏజెంట్ శిక్షణ అంటే అదే.

తలుపు మూసుకుంది. బాస్ ముందు కాక్‌పిట్‌లో ఉన్నాడు. విమానం కదిలింది.

డేగ మేస్త్రి పక్కన కూలబడి మ్యాపు విప్పాడు. "మిమ్మల్ని శత్రువు బేస్‌కి తీసుకెళ్తున్నారు."

"దొంగ మ్యాపు గీయడం మీకెంత పని?" అన్నాడు మేస్త్రి.

"అయితే ఇది చూడండి." ఇందాక సంతకం పడిన ఆర్డరు తీశాడు.

మేస్త్రి కళ్లజోడు పెట్టుకున్నాడు. విమానం రన్‌వే మీదకి తిరిగింది. ఆయన నింపాదిగా, ఇంజిన్ మాన్యువల్ చదివినట్టు చదివాడు.

"మావయ్యా, తొందరగా!" అని అరిచాడు డేగ. ఆ పిలుపు ఎలా వచ్చిందో అతనికే తెలీదు.

"రెండో పేరాలో 'వీలును బట్టి' అని ఉంది. కొట్టించు."

"కొట్టేయండి!" డేగ సెక్షన్ ఆఫీసర్ మెడ వంచాడు. ఇంజిన్లు హోరెత్తాయి. ఆయన ఆ రెండు ముక్కలూ కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, అలవాటు కొద్దీ సీలు కూడా గుద్దాడు.

కాక్‌పిట్ తలుపు తెరుచుకుంది. తెల్లసూటులో బాస్, చేతిలో పిస్తోలు. "ఎవరూ కదలొద్దు!"

డేగ కదిలాడు. మొదటి గుండు సీటు దిండులో దిగింది. రెండోది పేలేలోపు పిస్తోలు పట్టిన మణికట్టు అతని గుప్పిట్లో ఉంది. ఇద్దరూ నడవలో దొర్లుతుంటే, మేస్త్రి కంగారు లేకుండా కాళ్ల కింది తివాచీ తీసి, నేలలోని పలక ఎత్తి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టాడు.

"ఇంధనం ఆపే మీట ఈ మోడల్‌కి ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

రెండు ఇంజిన్లూ దగ్గి ఆరిపోయాయి. విమానం దేక్కుంటూ వెళ్లి, రన్‌వే చివరి గడ్డిలో ముందు చక్రం కూరుకుపోయి ఆగింది. నలువైపుల నుంచీ చీఫ్ జీపులు చుట్టుముట్టాయి.

విమానాన్ని ఎరగా వేసి, అందులో పద్నాలుగు మంది విమానం మెకానిక్కుల్ని కూర్చోబెట్టిన శత్రువు తెలివికి ఏం పేరు పెట్టాలో డేగకి తోచలేదు.

మరునాడు ఉదయం ఇంటరాగేషన్ గదిలో తెల్లసూటు నలిగిపోయి ఉంది. డేగ ఎదురుగా కూర్చుని, చీదరింపు దాచుకోకుండా అడిగాడు.

"జెట్ల బొమ్మలు దొంగిలిస్తారు, ప్లాన్లు దొంగిలిస్తారు, అర్థముంది. మెకానిక్కుల్ని దొంగిలించడమేంటి? మీ దేశంలో లేరా?"

బాస్ నలిగిన కాలరు సర్దుకున్నాడు.

"ఉండేవాళ్లు. అరవై మంది మానేశారు. జీతం పెంచండి, ట్రైనింగు ఇవ్వండి అని నాలుగేళ్లుగా రాస్తున్నా."

"మరి?"

"పరిశీలనలో ఉందట."

డేగ లేచాడు. తలుపు తీసి, కాపలా ఉన్నవాడికి రెండు టీలు చెప్పాడు.